మాస్కు వేసుకున్న సీటు

మహమ్మారి మనకు ఏం నేర్పిందని అడిగితే చాలామంది నీళ్లు నములుతారు. నాకా ఇబ్బంది లేదు. నాకు బస్సులో సీటు ఆపుకోవడం నేర్పింది.

నల్లగొండ బస్టాండులోకి దేవరకొండ బస్సు వచ్చేటప్పుడు చూడాలి. ఇంకా ఆగకముందే కిటికీల్లోంచి దస్తీలు, తువ్వాళ్లు, చేతిసంచులు, ఒక్కోసారి చంటిపిల్లలు లోపలికి పోతుంటారు. ఇది తాతల నాటి రిజర్వేషన్. కౌంటరూ లేదు, చార్జీ లేదు. కాకపోతే ఒక లోపం ఉంది. దస్తీని ఎవరైనా తీసి పక్కన పెట్టి కూర్చోగలరు. "ఇక్కడ నా దస్తీ ఉండె" అంటే, "కింద పడ్డదన్నా, గిదేనా?" అని మర్యాదగా చేతికిస్తారు. దస్తీ తగాదాలు కొండమల్లేపల్లి దాకా సాగడం కళ్లారా చూసినవాణ్ణి.

ఆ రోజు దస్తీ ఇంట్లో మరిచిపోయాను. జేబు తడిమితే పాత నీలం మాస్కు ఒకటి తగిలింది. ఎడమ తాడు ఊడితే ముడి వేసి వాడుకుంటున్నది. నూగు లేచి, మధ్యలో టీ మరక పడి ఉంది. వేరే దిక్కు లేక దాన్నే కిటికీలోంచి విసిరాను. తోసుకుంటూ ఎక్కి చూద్దును కదా, బస్సులో కాలు పెట్టే సందు లేదు. నా సీటు మాత్రం ఖాళీ. పక్క సీటాయన కూడా కొంచెం అవతలికి జరిగి, ఒక తొడ మీద కూర్చుని ఉన్నాడు. మూడేళ్లు మూతి మీద ఉండి సాధించలేని ఆరడుగుల దూరాన్ని ఆ మాస్కు ఒక్క నిమిషంలో సీటు మీద పడుకుని సాధించింది.

అప్పటి నుంచి ప్రయాణంలో ఆరోగ్య పరిరక్షణ అనే శాస్త్రం మీద నాకు గురి కుదిరింది. మనం అప్పుడు నేర్చుకున్నవాటిలో ఏవి మిగిలాయి, ఏవి దారిలో దిగిపోయాయి అని పరిశోధన మొదలుపెట్టాను. ఈ పరిశోధనకు ఎవరూ నిధులివ్వలేదు. టికెట్ డబ్బులు కూడా నావే.

ముందు కొంచెం చరిత్ర. 2020 మే 19న మన దగ్గర బస్సులు మళ్లీ రోడ్డెక్కాయి. మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. కాబట్టి మాస్కు మనల్ని వైరస్ నుంచి కాదు, వెయ్యి రూపాయల నుంచి కాపాడేది. పోలీసు కనబడితే ముక్కు మీదికి ఎక్కేది, దాటగానే గడ్డం కిందికి దిగేది. ఆ విధంగా మన గడ్డాలన్నీ క్షేమంగా బయటపడ్డాయి. నుదుటికి చూపించాల్సిన జ్వరం తుపాకిని మణికట్టుకు చూపించి, "94, పోండి" అనేవాళ్లు. ఒంటి వేడి 95 ఫారెన్‌హీట్ లోపుకు పడిపోతే వైద్యులు దాన్ని ప్రమాదం అంటారు, మంచు కొండల్లో చిక్కుకున్నవాళ్లకు వచ్చేది అదే. అంటే నడి మే నెలలో, నల్లగొండ ఎండలో, చలికి కొయ్యబారిన మనుషులం బారులు తీరి నిలబడి, చెమటలు తుడుచుకుంటూ లోపలికి పోయామన్నమాట.

సరే, బస్సులోకి వద్దాం. పక్కాయన దగ్గుతున్నాడు. 2020లో అయితే దగ్గు వచ్చినవాడు కళ్లలో నీళ్లు తిరిగేదాకా దాన్ని మింగేవాడు. ఇప్పుడు ఆ నిర్బంధం లేదు, ధారాళంగా దగ్గుతున్నాడు.

"జరమా అన్నా?" అన్నాను.

"జరం గాదు, దుమ్ము" అన్నాడు. కాసేపయ్యాక నా ముఖం చూసి జాలిపడి, "పొద్దున ఒక 650 గోలి ఏసుకున్నలే. మా మేనకోడలి పెండ్లి. పోకుంటే మా బావ ఊకుంటడా?" అన్నాడు.

పారాసెటమాల్ జ్వరాన్ని దించుతుంది గానీ వైరస్‌ను బస్సు దించదు. అది కూడా పెండ్లికే పోతుంది. అయితే ఆయన్ను తప్పు పట్టలేను. మన దగ్గర జ్వరం వచ్చిందని పెండ్లి మానేసినవాడికి జ్వరం మూడు రోజుల్లో పోతుంది, మాట ముప్పై ఏళ్లు ఉంటుంది.

నిపుణుడిగా నా బాధ్యత గుర్తొచ్చి కిటికీ అద్దం రెండు అంగుళాలు జరిపాను. వైరస్ గాలిలో తిరుగుతుందనీ, మూసిన చోట పొగలాగా నిలిచిపోతుందనీ, గాలి ఆడితే పలచబడుతుందనీ ఒప్పుకోవడానికి ప్రపంచానికి చాలా కాలమే పట్టింది. ఈలోగా మనం కూరగాయల్ని సబ్బుతో కడిగాం. పల్లెవెలుగు బస్సులో ఈ గాలి వైద్యం టికెట్‌లోనే కలిపి ఇస్తారు, ఏసీ బస్సుకు ఎక్కువ డబ్బు పెట్టినవాళ్లకు ఆ సౌకర్యం లేదు. కానీ రెండు అంగుళాలు జరిపానో లేదో వెనక నుంచి కేక: "అన్నా, అద్దం బంద్ జెయ్యి, పిల్లకు సర్దైతది!" పిల్లకు అప్పటికే సర్ది ఉంది. ఆ సర్ది బయటికి పోకుండా బస్సులో ఉన్నవాళ్లమంతా కలిసికట్టుగా కాపాడుకుంటూ దేవరకొండ చేరాం.

దిగగానే మిర్చి బజ్జీల బండి. తినే ముందు తాళాలగుత్తికి వేలాడే చిన్న శానిటైజర్ సీసా నొక్కి, రెండు చేతులకూ బాగా పట్టించాను. చేతులు ఆరవే! మా ఆవిడ ఎప్పుడో అందులో కొబ్బరినూనె పోసి పెట్టిందని అప్పుడు తెలిసింది. నిజానికి అందులో అసలు మందే ఉన్నా పెద్ద తేడా పడేది కాదు. కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉండాలి, అదీ చేతులకు మట్టి, జిడ్డు లేకపోతేనే. పైగా వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ లాంటివి శానిటైజర్‌ను అంతగా లెక్కచేయవు. వాటికి సబ్బు, నీళ్లు, 20 సెకన్ల ఓపిక కావాలి. పక్క హోటల్ వాష్‌బేసిన్ దగ్గర సబ్బు ఉంది, గోరంత. దానికి ముందు బంతివాళ్ల పప్పు అంటుకుని ఉంది. కాలితో తొక్కితే చుక్క రాలే ఆనాటి ఇనుప స్టాండు కూడా ఉంది. దానికిప్పుడు అగరబత్తులు గుచ్చుతున్నారు.

నీళ్ల సంగతి మాత్రం నల్లగొండవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. వేరే ఊళ్ల పేర్లు మిఠాయిలకు పెట్టారు. మా ఊరి పేరు నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి పెట్టారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, కలియబెట్టి, తేరనిచ్చి, వడగట్టడం. జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు తయారుచేసిన ఈ పద్ధతి పేరే 'నల్లగొండ టెక్నిక్'. ప్రయాణమనగానే చుట్టాలు "నీళ్లు కాచి తాగు" అంటారు. కాస్తే క్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడ్ చావదు. నీళ్లు ఆవిరైపోయి అది ఇంకాస్త చిక్కబడుతుంది. ఇది తెలిసిన జిల్లావాణ్ణయి కూడా, బస్టాండులో మూత బిగువు చూడకుండా నీళ్ల సీసా కొన్నాను. మూత గిరగిరా తిరిగింది. తాగేశాను.

బస్సులో ఈ రభస ఎందుకని మా బావమరిది కారే వాడతాడు. డ్యాష్‌బోర్డు మీద శానిటైజర్, వెనక గాలి శుద్ధి చేసే యంత్రం, అద్దానికి నిమ్మకాయ. సీటు బెల్టు పెట్టుకోకపోతే కారు కీచుమంటుందని, ఆ గాటులో గుచ్చడానికి ఉత్త బకిల్ ఒకటి కొని పెట్టాడు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. ఇది కేంద్ర రవాణా శాఖ లెక్క. ఈ జబ్బుకు టీకా కారుతోపాటే వస్తుంది, వెనక సీటువాళ్లకు కూడా. స్లాటూ వద్దు, ఓటీపీ వద్దు. అయినా మావాడు దాన్ని సీటు వెనక్కి తోసి, మూడో డోసు ఎప్పుడిస్తారని అడుగుతుంటాడు.

అతనితోనే ఒకసారి శ్రీశైలం బయల్దేరాం. మన్ననూరు గేటు దగ్గరికి పోయేసరికి రాత్రి 9 దాటింది, గేటు వేసేశారు. పొద్దున 6 దాకా అమ్రాబాద్ అడవిలోకి బండ్లు పోనివ్వరు. 2021లో ఊళ్లో పెట్టిన రాత్రి కర్ఫ్యూ ఎప్పుడో ఎత్తేశారు. పులుల కోసం పెట్టింది మాత్రం అలాగే ఉంది. మనుషుల నుంచి దూరం పాటించాలన్న నియమాన్ని ఇంకా సీరియస్‌గా తీసుకుంటున్న జీవి ఈ చుట్టుపక్కల అదొక్కటే.

'అత్యవసరమైతేనే ప్రయాణించండి' అని అప్పట్లో ఒక సలహా ఉండేది. అది పాలమూరుకు ఎలా వర్తిస్తుందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. బొంబాయి బస్సెక్కేవాళ్లు అక్కడ సముద్రం చూడటానికి ఎక్కరు. 2020 ఎండల్లో కొందరు నడిచే తిరిగొచ్చారు. వాళ్ల నుదుటి మీద తుపాకి పెడితే మాత్రం 94 చూపించి ఉండదు.

ఇక సాయంత్రం తిరుగు ప్రయాణం. అదే బస్సు. కిక్కిరిసి ఉంది. మధ్యలో కిటికీ పక్కన ఒక సీటు ఖాళీగా ఉంది, దాని మీద మాస్కు. చుట్టూ పదిమంది నిలబడి దాన్ని చూస్తున్నారు.

"ఎవలిదిది?" అని కండక్టరమ్మ రెండుసార్లు అడిగింది. ఎవరూ పలకలేదు. "తీసేసి కూసోరాదు సార్?" అంది నాతో.

వస్తువులను ముట్టుకోవడం వల్ల కరోనా సోకడం చాలా అరుదని అందరికీ వినపడేలా వివరించాను.

"మరి తీయున్రి."

తియ్యలేదు. నిపుణులు సలహా ఇస్తారు, ముట్టుకోరు. రెండు గంటల పాటు కడ్డీ పట్టుకుని వేలాడాను. ఆ సీటు దర్జాగా కిటికీ గాలి తింటూ నల్లగొండ వచ్చింది.

అందరూ దిగిపోయాక, దిగబోతూ ఒకసారి వంగి చూశాను. మధ్యలో టీ మరక. ఎడమ తాడుకు ముడి.

"మీదేనా సార్?" అంది వెనక నుంచి కండక్టరమ్మ.

"కాదమ్మా" అన్నాను.