ఆ ఇళ్ళు రానివ్వండి

మొన్న ఇక్కడ న్యూజెర్సీలో మన తెలుగు సంఘం బతుకమ్మ జరిగిన హైస్కూల్ హాల్లో, రిజిస్ట్రేషన్ టేబుల్‌కీ భోజనాల వరుసకీ మధ్య ఇంకో టేబుల్ వేశారు. దాని మీద ఒక క్లిప్‌బోర్డు, దారంతో కట్టిన పెన్ను, పైన పెద్ద అక్షరాల్లో "మన స్కూళ్ళను కాపాడుకుందాం". స్టేషన్ పక్కన రాబోయే అపార్ట్‌మెంట్లు మాకొద్దంటూ టౌన్‌షిప్‌కి, అంటే ఊరి పాలకమండలికి, ఇవ్వబోయే పిటిషన్ అది. లక్కీడిప్ టికెట్ల ప్రకటన అవగానే మైకులో కూడా చెప్పారు, భోజనానికి వెళ్ళే ముందు అందరూ ఒక్క సంతకం పెట్టి వెళ్ళమని. కార్యవర్గం కూర్చుని తీసుకున్న నిర్ణయం కాదట. ఎవరో అడిగారు, ఎవరో సరేనన్నారు. కానీ మైకు సంఘానిది, హాలు అద్దె మన సభ్యత్వ రుసుముల్లోంచి కట్టింది. అందుకే ఈ నాలుగు మాటలు మన పత్రికలోనే రాస్తున్నాను.

మా అత్తగారు వెళ్ళే అడల్ట్ డే కేర్ మీలో చాలామందికి తెలుసు. పొద్దున వ్యాన్ వస్తుంది. అక్కడ బీపీ చూస్తారు, ఇడ్లీ పెడతారు, క్యారమ్స్ ఆడిస్తారు, మధ్యాహ్నం పప్పన్నం, కాసేపు భజన. అక్కడ పనిచేసే ఒకమ్మాయిది ఖమ్మం. మోకాలి ఆపరేషన్ అయ్యాక మా అత్తగారిని మళ్ళీ నడిపించింది ఆ అమ్మాయే. ఇప్పటికీ తను వచ్చి బతిమాలితే తప్ప ఆవిడ అన్నం ముట్టరు. మొన్న బతుకమ్మ పేర్చినవాళ్ళలో తనూ ఉంది. ఇక్కడ తంగేడు, గునుగు ఎక్కడ దొరుకుతాయి? బంతిపూలు, కార్నేషన్లు తెచ్చి, కాడలు ఒకే కొలతకి కత్తిరించి, వరుస వరుసకీ రంగు మారుస్తూ ఓపిగ్గా పేర్చింది. పైన గౌరమ్మని పెట్టిన పసుపు వేళ్ళతోనే వచ్చి మా వెనక వరుసలో నిలబడింది.

టేబుల్ దగ్గరున్నాయన తనకి పెన్ను అందించి, చాలా మర్యాదగానే చెప్పారు: "తక్కువ అద్దె ఇళ్ళు కడితే ఎలాంటివాళ్ళు వస్తారో తెలీదు కదమ్మా, అందుకని." తను కాగితం మొత్తం చదివింది. పెన్ను కింద పెట్టి, నాతో మెల్లగా అంది: "అక్కా, అవి వస్తే నేను అప్లై చేద్దామనుకున్నా."

నాకు నోట మాట రాలేదు. ఆ అమ్మాయి, భర్త, ఇద్దరు పిల్లలు ట్రెంటన్ వైపు మరో కుటుంబంతో కలిసి ఒక ఇంట్లో ఉంటారు. తెల్లవారుజామున నార్త్‌ఈస్ట్ కారిడార్ రైలెక్కి మన స్టేషన్‌లో దిగి, సైడ్‌వాక్ లేని రోడ్డు అంచున నడిచి డే కేర్‌కి వస్తుంది. డిసెంబరులో అయిదింటికల్లా చీకటి పడుతుంది కదా, ఆ చీకట్లోనే వెనక్కి నడుస్తుంది. అదే స్టేషన్ పక్కన సగం ఖాళీగా పడి ఉన్న పార్కింగ్ స్థలంలో, మూతపడ్డ కొట్ల వరుసలో కింద దుకాణాలు, పైన నాలుగంతస్తుల ఇళ్ళు కడతామంటున్నారు. తను నడిచి పనికెళ్ళగలిగే ఇల్లు అది.

ఇంతకీ "ఎలాంటివాళ్ళు"? దీనికి చట్టంలో లెక్క ఉంది. ఒక ప్రాంతంలో కుటుంబాల మధ్యస్థ ఆదాయం తీసుకుంటారు. న్యూజెర్సీలో అందులో 50 శాతం లోపు సంపాదిస్తే తక్కువ ఆదాయం, 80 శాతం లోపైతే మోస్తరు ఆదాయం. మన కౌంటీలో ఆ మధ్యస్థం ఎంత ఎక్కువంటే, కొత్తగా ఉద్యోగంలో చేరి ఒక్కరే ఉంటున్న స్కూల్ టీచరు కూడా ఆ 80 శాతం గీత కిందికే వస్తారు. మనం కాపాడుకుందామంటున్న స్కూళ్ళలో పాఠాలు చెప్పేవాళ్ళు, ఫార్మసీలో మందులిచ్చే కుర్రాళ్ళు, మనవాళ్ళ రెస్టారెంట్ వంటగదుల్లో పనిచేసేవాళ్ళు, గుడి పరిచారకులు వీళ్ళే. పైగా కట్టేవన్నీ అలాంటి ఇళ్ళు కావు. ఇలాంటి ప్రాజెక్టుల్లో మామూలుగా 15 నుంచి 20 శాతం మాత్రమే ఆ లెక్కలోకి వస్తాయి, మిగతావి మార్కెట్ అద్దెకే ఇస్తారు.

ఇంకో సంగతి ఆ పిటిషన్‌లో ఎక్కడా లేదు. ప్రతి ఊరూ తన వంతు అందుబాటు ఇళ్ళకి, అంటే పైన చెప్పిన ఆదాయాలవాళ్ళు భరించగలిగే ఇళ్ళకి, చోటివ్వాలన్నది 1975 నుంచీ మన రాష్ట్ర సుప్రీంకోర్టు మాట. 2024 మార్చిలో వచ్చిన చట్టం దాన్ని మరింత బిగించింది. 2025 జూలై నుంచి ఈ వాటాల పదేళ్ళ నాలుగో విడత నడుస్తోంది. ఊరు ప్రణాళిక ఇవ్వకుండా మొండికేస్తే కోర్టు రక్షణ పోతుంది, అప్పుడు బిల్డరే దావా వేసి తను కోరిన చోట కట్టుకునే వీలొస్తుంది. అంటే మన సంతకాలతో ఆ ఇళ్ళు ఆగవు. స్టేషన్ పక్కన కాకుండా ఏ హైవే అంచునో, రైలూ దుకాణమూ లేని పొలంలో లేస్తాయి. అప్పుడు ఇంటికి రెండు కార్లు. ట్రాఫిక్ పెరుగుతుందని భయపడేవాళ్ళు ముందు ఆలోచించాల్సింది ఇదే.

ఆ 1975 తీర్పు సౌత్ జెర్సీలోని మౌంట్ లారెల్ ఊరిది. తరాలుగా అక్కడే బతికిన నల్లజాతి కుటుంబాలు తమ పిల్లలు ఊళ్ళోనే ఉండేలా చిన్న అపార్ట్‌మెంట్లు కట్టుకుంటామని అడిగితే, ఇక్కడ ఉండే స్తోమత లేకపోతే వెళ్ళిపోండని ఊరి మేయరు చర్చిలో అందరి ముందూ అన్నాడు. ఆ పోరాటంలో ముందు నిలబడిన ఎథెల్ లారెన్స్ పేరు మీద ఇళ్ళు లేచేసరికి 2000 సంవత్సరం వచ్చింది, అప్పటికి ఆమె లేదు. ప్రిన్‌స్టన్ ప్రొఫెసర్ డగ్లస్ మాసీ బృందం ఆ కాలనీని ఏళ్ళ తరబడి పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. నేరాలు పెరగలేదు, చుట్టుపక్కల ఇళ్ళ ధరలు పడిపోలేదు, పన్నులు ఎక్కలేదు. మన పిటిషన్‌లో రాసిన భయాలూ అచ్చం ఆ మూడే.

మనవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో, భారతీయులు శ్వేతజాతివాళ్ళు కారు కాబట్టి ఈ దేశ పౌరసత్వానికి పనికిరారని తీర్పు రాసింది అమెరికా సుప్రీంకోర్టు జస్టిస్ జార్జ్ సదర్లాండ్. మూడేళ్ళ తర్వాత, 1926లో ఒహాయోలోని యూక్లిడ్ కేసులో, ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే ఈ దేశపు జోనింగ్ చట్టాలకు పునాది వేసిన తీర్పు రాసిందీ ఆయనే. సొంతిళ్ళ వీధిలో అపార్ట్‌మెంటు తరచుగా వట్టి పరాన్నజీవి అన్నాడు అందులో. మనల్ని గుమ్మం బయట నిలబెట్టిన చెయ్యే అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళనీ బయట నిలబెట్టింది. 1946లో చట్టం మారితే గానీ మనకి పౌరసత్వం దారి తెరుచుకోలేదు. అలా లోపలికి వచ్చినవాళ్ళం మనం.

నేను పెరిగింది విజయవాడ వన్ టౌన్‌లో. కింద మా నాన్నగారి బట్టల కొట్టు, పైన మా ఇల్లు. షట్టర్ ఎత్తిన చప్పుడుకి నిద్రలేచేవాళ్ళం. గుమస్తాగారు వెనక పోర్షన్‌లో, టైలరు ఎదురుసందులో ఉండేవారు. టైలరు గారమ్మాయీ నేనూ ఒకే బడికి ఒకే రిక్షాలో వెళ్ళాం. అమ్మకి కరివేపాకు కావాలంటే బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట దింపేది. కింద వ్యాపారం, పైన కాపురం ఉంటే ఊరు చెడిపోతుందని అక్కడ ఎవరూ అనుకోలేదు. ఇక్కడా మెటచెన్‌లో స్టేషన్ పక్క పార్కింగ్ స్థలం పోయి ఇళ్ళూ దుకాణాలూ వచ్చాక, శనివారం సాయంత్రాలు మనవాళ్ళే పిల్లల్ని తీసుకుని అక్కడికి నడకకి వెళ్తున్నారు.

కానీ అదే వన్ టౌన్‌లో టులెట్ బోర్డు చూసి వచ్చినవాళ్ళని గుమ్మంలోనే "మీరేవిట్లు?" అని అడిగేవారు. జవాబు నచ్చకపోతే ఇల్లు ఇచ్చేశాం అని చెప్పి, బోర్డు మాత్రం అలాగే వేలాడనిచ్చేవారు. దీన్ని నేను వెనకేసుకురాను. ఆ అలవాటు వదల్లేదు మనం. మొన్న హాల్లో వినబడింది ఆ ప్రశ్నే.

స్కూళ్ళ గురించిన దిగులంతా ఉత్తదే అని నేననను. స్టూడియోల్లో, ఒక బెడ్‌రూమ్ ఇళ్ళలో బడిపిల్లలు తక్కువే ఉంటారు. కానీ అందుబాటు ఇళ్ళలో కనీసం 20 శాతం మూడు బెడ్‌రూములతో ఉండాలన్నది రూలు, కాబట్టి వాటిలో పిల్లలుంటారు. ఖర్చూ ఉంటుంది. అసలు చిక్కు పైలట్ (PILOT, పన్నుకి బదులు చెల్లింపు) ఒప్పందంలో ఉంది. రీడెవలప్‌మెంట్ కింద కట్టే బిల్డరు మామూలు ప్రాపర్టీ ట్యాక్స్‌కి బదులు ఏటా ఇంత అని కడతాడు, 30 ఏళ్ళ దాకా. అందులో 95 శాతం టౌన్‌కి, 5 శాతం కౌంటీకి పోతుంది. స్కూళ్ళకి చట్టప్రకారం వాటా లేదు, టౌన్ తనంతట తాను ఇస్తే తప్ప. మనం గట్టిగా అడగాల్సింది దీని గురించి. ఇళ్ళు వద్దంటే స్కూళ్ళకి ఒక్క డాలరు కూడా రాదు.

కాబట్టి కార్యవర్గానికి నా మనవి. ఆ పిటిషన్‌తో సంఘానికి సంబంధం లేదని వచ్చే ఈమెయిల్‌లో స్పష్టంగా చెప్పండి. ఇకపై సభ్యుల ఓటు లేకుండా ఇలాంటి వాటికి వేదిక ఇవ్వకండి. ఊళ్ళో కట్టడాల సంగతి తేల్చే ప్లానింగ్ బోర్డు హియరింగ్‌కి సంఘం తరఫున మనుషుల్ని పంపండి. పైలట్ డబ్బులో స్కూళ్ళకి వాటా రాతపూర్వకంగా కావాలని వాళ్ళు అడగాలి. బిల్డరుతో టౌన్ చేసుకునే ఒప్పందంలో, 80 శాతం గీత దాటి 120 లోపు ఉండే కుటుంబాలకీ కొన్ని ఇళ్ళు కేటాయించమనాలి. టీచరూ నర్సూ పెళ్ళాడితే కోటాలో ఇల్లు రాదు, మన ఊళ్ళో కొనుక్కునే స్తోమతా ఉండదు. వాళ్ళకి చట్టం ఏమీ చెయ్యట్లేదు. కింది అంతస్తులో పెద్ద చైన్ స్టోర్లకే కాకుండా ఒక కర్రీ పాయింటుకో, టైలరుకో సరిపోయే చిన్న గదులూ ఉంచమనాలి. డే కేర్ దాకా సైడ్‌వాక్ వేయమనాలి.

ఆ ఇళ్ళు లాటరీలో ఇస్తారు. దరఖాస్తుకి పే స్టబ్బులు, ట్యాక్స్ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కావాలి, ఒక్క కాగితం తక్కువైనా పక్కన పడేస్తారు. మనలో ఎంతమంది సీపీఏలు, అంటే పన్నుల లెక్కలు చూసే అకౌంటెంట్లు, లేరు? ఒక శనివారం కూర్చుంటే ఎన్నో కుటుంబాలకి పని జరుగుతుంది.

హియరింగ్ తేదీ టౌన్‌షిప్ నోటీసులో రాగానే గ్రూపులో పెడతాను. నేను మాట్లాడబోతున్నాను. మైకు ముందు నిలబడటం ఇబ్బంది అనుకునేవాళ్ళు ఆ రోజు వచ్చి నా వరుసలో కూర్చోండి. ఇప్పటికే పిటిషన్ మీద సంతకం పెట్టినవాళ్ళు కూడా రండి. మనసు మార్చుకున్నామని బోర్డు ముందే చెప్పండి.