ఏఐ గారికి శాలువా కప్పే విషయమై

పదకొండేళ్లుగా హైదరాబాద్ స్టూడియోల్లో ట్రాక్ సింగర్‌గా బతుకు వెళ్లదీస్తున్న నేను, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా చేస్తున్న ప్రతిపాదన ఇది. కృత్రిమ మేధకు, అదే ఈ మధ్య అందరి నోళ్లలో నానుతున్న ఏఐకి, తెలుగు గాయనీగాయకుల తరఫున ఘనంగా ఒక సన్మానం చెయ్యాలి. శాలువా, పూలదండ, జ్ఞాపిక, వీలైతే ఒక బిరుదు. నవ్వకండి. మనవాళ్లు ఎవరెవరికి కప్పలేదు శాలువాలు?

ట్రాక్ సింగర్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సంగీత దర్శకుడు ట్యూన్ కట్టగానే దాన్ని ముందుగా ఎవడో ఒకడు పాడి పెట్టాలి. అప్పటికి సాహిత్యం రాదు కాబట్టి 'తాననా తందనా' అనో, నోటికొచ్చిన ఇంకేవో మాటలు పెట్టో లాగించేస్తాం. దాన్ని హీరోగారు కార్లో వింటారు, నిర్మాతగారు వింటారు, నిర్మాతగారి బావమరిది వింటాడు. పాట రాసేవారు దాని మీదే మాటలు కూర్చుకుంటారు. మాటలొచ్చాక మళ్లీ మనమే పాడతాం. ఆ తర్వాత అసలు సింగర్ వచ్చి, హెడ్‌ఫోన్స్‌లో మన గొంతు వింటూ, మనం ఎక్కడ ఊపిరి తీశామో సరిగ్గా అక్కడే ఊపిరి తీస్తూ, గంటలో పాడేసి ఫ్లైటెక్కి వెళ్లిపోతారు. మన ట్రాక్ డిలీట్. ఇందుకుగాను రెండు వేలు, అదృష్టం బాగుంటే మూడు, లేకపోతే "నెక్స్ట్ సినిమాలో చూద్దాం తమ్ముడూ".

కాబట్టి యంత్రం వచ్చి నా గొంతు నొక్కేసిందని ఎవరూ బాధపడనక్కర్లేదు. నొక్కాలంటే ముందు ఆ గొంతు ఎవరికైనా వినబడి ఉండాలి కదా.

పైగా పదకొండేళ్లలో నాకు ఏ స్టూడియోలోనైనా చెప్పింది ఒకటే మాట: "ఆ పాటలాగే ఉండాలి, కానీ ఆ పాట కాకూడదు." ఫలానా ఆయన ఫీల్ రావాలి, కానీ ఆయన్ని ఇమిటేట్ చెయ్యకూడదు. మనిషి జన్మ ఎత్తినవాడికి అర్థం కాని ఈ కోరికను యంత్రం మొదటిసారి వినగానే అర్థం చేసుకుంది. అసలు దాన్ని పుట్టించిందే ఇందుకేమోనని నా అనుమానం. మేము యంత్రాల్లా పాడలేక ఇన్నాళ్లు తిట్లు తిన్నాం, ఇప్పుడు నిజం యంత్రమే వచ్చింది, తిట్లు ఆగాయి. కృతజ్ఞత ఉండాలా వద్దా?

దాన్ని మొదటిసారి ఎదురుగా చూసింది యూసుఫ్‌గూడలో. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి, నాలుగో అంతస్తు మీద ఒక గది, గోడలకు నల్ల ఫోమ్, ఫోమ్ చాలని చోట కోడిగుడ్ల అట్టలు. రికార్డింగ్‌లో శబ్దం పడుతుందని ఏసీ కట్టేశారు, మే నెల, చెమట మోచేతుల మీంచి లిరిక్ కాగితం మీదకు కారుతోంది. పల్లవి నాలుగుసార్లు పాడాను. కీబోర్డ్ తమ్ముడు "అన్నా, ఒక్క నిమిషం" అని నా నాలుగో టేక్‌ను లాప్‌టాప్‌లో ఏదో సైట్‌లోకి ఎక్కించాడు. చేతిలో ఉన్న సమోసా సగం తినేలోపు ఆరు గొంతులు దిగాయి. ఆడగొంతు, బొంగురు గొంతు, చిన్నపిల్లాడి గొంతు, ఇంకా ఏవేవో. ట్యూన్ అంతా నేను పాడినట్టే, 'రా' దగ్గర స్వరాన్ని ఊపుతూ నేను వేసిన చిన్న గమకంతో సహా. పల్లవి చివర్లో నా శ్రుతి కాస్త జారింది, మర్యాద తెలిసిన యంత్రం, అది మాత్రం తీసుకోలేదు. నిర్మాతగారి బావమరిదికి వాట్సాప్‌లో పంపితే ఐదు నిమిషాల్లో ఫోన్ చేశాడు. "ఆ మూడో అమ్మాయి సూపరండీ, బొంబాయా?"

బొంబాయా అని ఎందుకు అడిగాడంటే దానికి ళ పలకదు. 'నీ కళ్ళు చూశాక మైకం' అని ఉంటే 'నీ కల్లు చూశాక మైకం' అని పాడింది. అర్థం మరీ చెడలేదు లెండి, పైగా మైకానికి కారణం దొరికింది. ల-ళల తేడాకు విజయనగరంలో మా గురువుగారి చేత మొట్టికాయలు తిన్నవాణ్ణి నేను. అప్పుడర్థమైంది అసలు విషయం. ఇరవై ఏళ్లుగా తెలుగు రానివాళ్ల చేత, హిందీ అక్షరాల్లో రాసిచ్చి పాడించి, ఆ ముద్దు ముద్దు తెలుగే ఫ్యాషన్ అని జనం చెవులను మనమే తయారు చేసి పెట్టాం. యంత్రం తెలుగు నేర్చుకోవాల్సిన అవసరం లేకుండా దారి సాఫు చేసింది మనమే. దీనికి మన పరిశ్రమకు కూడా ఒక జ్ఞాపిక ఇవ్వాలి.

దీని కష్టం కూడా సామాన్యం కాదు. డీజర్ అని ఒక ఫ్రెంచి మ్యూజిక్ యాప్ ఉంది, వాళ్లు 2025 నవంబరులో చెప్పిన లెక్క ప్రకారం రోజుకు 50,000 పైగా పూర్తి ఏఐ పాటలు వాళ్ల దగ్గరకు వచ్చి పడుతున్నాయట, అంటే కొత్తగా వచ్చేవాటిలో మూడో వంతు. అదే సమయంలో ఎనిమిది దేశాల్లో 9,000 మందికి పాటలు వినిపించి ఏది మనిషిదో ఏది యంత్రానిదో చెప్పమంటే 97 శాతం మంది సరిగ్గా చెప్పలేకపోయారు. మిగతా 3 శాతం ఎవరో నాకు తెలుసు, నిర్మాతల బావమరుదులు. ఎవరు ఎంత బాగా పాడినా "ఏదో ఫీల్ మిస్సయింది" అని పట్టేసేవాళ్లు వాళ్లే. ఇక మన సొంత పాటల సంగతంటారా, స్పాటిఫైలో ఏడాదికి వెయ్యిసార్లు కూడా వినబడని పాటకు 2024 నుంచి పైసా రాదు. నా సొంత పాటకు 340 వచ్చాయి. అందులో రెండు వందలు మా అమ్మవి, ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి వంట చేసుకుంటూ తిప్పి తిప్పి వింటుంది.

ఇక్కడ కొంచెం మా ఊరి గొప్ప చెప్పుకోవాలి. 1919లో మా రాజుగారు విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. అక్కడ చదువుకోవడానికే కృష్ణా జిల్లా నుంచి ఘంటసాల అనే కుర్రాడు వచ్చాడు. తిండికి గతిలేక జోలె కట్టుకుని మధుకరం చేశాడు, ఇంటింటికీ వెళ్లి అన్నం అడుక్కుని పాట నేర్చుకున్నాడు. ఈ కథ మా ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు, సంగీతం నేర్చుకుంటానన్న ప్రతి పిల్లాడికీ భయపెట్టడానికి ఒకసారి, ఉత్సాహపరచడానికి ఒకసారి చెబుతారు.

న్యాయంగా మాట్లాడితే యంత్రం కూడా మధుకరమే చేసింది. ప్రపంచంలో పాట ఉన్న ప్రతి ఇంటి ముందూ నిలబడింది. తేడా ఒక్కటే, ఘంటసాల "భవతి భిక్షాం దేహి" అన్నారు, ఇది అనలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్లి గిన్నెతో సహా ఎత్తుకెళ్లింది. అమెరికాలో పెద్ద పెద్ద రికార్డు కంపెనీలు 2024 జూన్‌లో పాటలు తయారు చేసే ఏఐ కంపెనీలు సునో మీద, ఉడియో మీద కేసులు వేస్తే, ఇంటర్నెట్‌లో దొరికిన పాటలతో నేర్చుకోవడం తప్పెలా అవుతుందని అవి వాదించాయి. నాకు నచ్చిన వాదన. రేపు నేను కూడా పక్కింటి చేనులో దొరికిన మామిడికాయల గురించి ఇదే చెబుతాను. మరుసటి ఏడాది చివరికల్లా యూనివర్సల్ వాళ్లు ఉడియోతో, వార్నర్ వాళ్లు సునోతో రాజీపడి వ్యాపారం కలుపుకున్నారు. గిన్నె పోయినవాళ్లూ, ఎత్తుకెళ్లినవాళ్లూ కలిసి భోజనానికి కూర్చున్నారు. ఆ గిన్నెలో అన్నం వండినవాళ్లకు విస్తరి వేశారో లేదో మనకెందుకు.

పేరున్న గొంతుల సంగతి వేరు. 2024 జనవరిలో రెహమాన్ గారు చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతుల్ని ఏఐతో ఒక తమిళ పాటలో తిరిగి వినిపించారు, వాళ్ల కుటుంబాలను అడిగి, డబ్బులిచ్చి మరీ. అదే ఏడాది మన బాలుగారి గొంతును ఏఐతో వాడుకోవడానికి తమను అడగలేదంటూ ఆయన కొడుకు చరణ్ గారు ఒక తెలుగు సినిమా వాళ్లకు లీగల్ నోటీసు పంపారు. అర్జిత్ సింగ్ గొంతును యంత్రాల్లో నకలు తీయకూడదని బాంబే హైకోర్టు ఉత్తర్వులిచ్చింది. చాలా సంతోషం. నేనూ కోర్టుకు వెళదామని ఆ మూడో అమ్మాయి గొంతులో ఉన్న గమకం నాదేనని ఒక లాయర్ మిత్రుడికి చెప్పాను. "రుజువుంది కదా?" అన్నాడు. ఉంది, ట్రాక్. "ఏదీ?" డిలీట్. టీ తాగి వచ్చేశాను, టీ డబ్బులు నేనే ఇచ్చాను.

సరే, సొంత గోల ఎక్కువైంది. అసలు ఏఐ చేసిన మహోపకారం మా ఇంట్లో జరిగింది. నాన్న జూట్ మిల్లులో గుమస్తాగా చేశారు. నేను ఇంజినీర్ కావాలన్నది ఆయన కల. బాలుగారు ఇంజినీరింగ్ చదువుతూనే 1966లో మొదటి సినిమా పాట పాడారన్నది మా ఇంట్లో ఇద్దరం వాడుకున్న ఆయుధం, ఆయన మొదటి సగం పట్టుకున్నారు, నేను రెండో సగం పట్టుకున్నాను. నేను గెలిచి హైదరాబాద్ వచ్చాను. మా పెదనాన్న కొడుకు మాత్రం పెద్దల మాట విని ఇంజినీర్ అయ్యి గచ్చిబౌలిలో చేరాడు. ప్రతి సంక్రాంతికీ వాడి జీతం, నా జీవితం పక్కపక్కన పెట్టి చూసేవారు.

మొన్న సంక్రాంతికి బండి తిరగబడింది. అన్నయ్య కంపెనీలో కోడ్ రాసే పని సగం యంత్రానికి అప్పజెప్పి వీణ్ణి బెంచ్ మీద కూర్చోబెట్టారు. ఖాళీగా ఉండలేక గిటార్ కొన్నాడు, దాని తీగలు బిగించేలోపే యంత్రంతో రెండు ఆల్బమ్‌లు విడుదల చేశాడు. ఇప్పుడు ఇన్‌స్టాలో వాడి పేరు కింద 'ఆర్టిస్ట్' అని ఉంటుంది. "తమ్ముడూ, మ్యూజిక్ నా ప్రాణంరా" అని నాకే చెప్పాడు, గంభీరంగా తలూపాను. నేనేమో అమీర్‌పేటలో ప్రాంప్ట్ ఇంజినీరింగ్, అంటే ఏం కావాలో యంత్రానికి టైపు చేసి చెప్పే విద్య, ఆ కోర్సులో చేరాను, నలభై అయిదు రోజులు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని బోర్డు మీద, అసిస్టెన్స్ మాత్రమే అని రసీదు వెనకాల. నా బ్యాచ్‌లో ఒక వయొలిన్ ఆయన, ఇద్దరు డబ్బింగ్ ఆర్టిస్టులు. మా గురువుగారు ఆర్నెల్లు మాయామాళవగౌళలో సరళీ స్వరాలు తప్ప ఇంకేదీ పాడనివ్వలేదు. ఇక్కడ మొదటి రోజే 'కర్ణాటిక్, ఎమోషనల్, ఫిమేల్, వాన' అని టైపు చెయ్యడం నేర్పేశారు. ఏడుపు ఎక్కువ కావాలంటే 'వెరీ' చేర్చాలి. నాన్నకు ఫోన్లో కోర్సు పేరు చెప్పాను. అందులో రెండో మాట మాత్రమే ఆయనకు వినబడింది. ఆ సాయంత్రం గంటస్తంభం దగ్గర "మొత్తానికి మావాడు ఇంజినీర్ అవుతున్నాడు" అని నలుగురికి టీ పోయించారట. పదిహేనేళ్ల కల, ఒక్క యంత్రం తీర్చింది.

ఇన్ని ఉపకారాలు చేసినదానికి సన్మానం ఎక్కడ, ఎలా అన్నదే ఇక చిక్కు. వేదికకు ఇబ్బంది లేదు, విశాఖలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ డేటా సెంటర్ పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది, మా ఊరికి పక్కనే. అంత పెద్ద భవనానికి శాలువా కప్పాలంటే ఎన్ని గజాలు నెయ్యాలో చెప్పలేను గానీ, చేనేత సంఘానికి ఆర్డరైనా దొరుకుతుంది. బిరుదుకీ వెతుక్కోనక్కర్లేదు, మన బిరుదుల్లో సగం 'అభినవ' అనే మొదలవుతాయి, అనుకరణను గౌరవించడం మనకు కొత్తేమీ కాదు. శాలువా ఎవరి భుజాల మీద పడాలన్నదే తేలలేదు, దానికి భుజాలు లేవు.

ఆ సందేహం పోయిన నెల మియాపూర్‌లో తీరింది. ఒక గృహప్రవేశానికి పిలిచారు, ఐదు వేలు. కీబోర్డ్ మోసుకుని వెళితే అది అక్కర్లేదన్నారు. ఇంటాయన కొడుకు, ఇంటర్ చదివే కుర్రాడు, అమ్మానాన్నల పేర్లు, ఫ్లాట్ నంబరు, తూర్పు ముఖం అన్నీ పెట్టి యంత్రంతో పాట చేయించాడు. అది 'గ్రుహ్ ప్రవేష్' అని పాడుతుంది. "మరి నేనెందుకండీ?" అన్నాను. "వీడియోలో ఎవరో ఒకరు మైకు పట్టుకుని నిలబడాలి కదండీ, స్పీకర్ ముందు ఫోటో ఏం బాగుంటుంది" అన్నారు ఇంటాయన. సరే, పట్టుచొక్కా తొడుక్కుని యంత్రం పాటకు పెదాలు కదిలించాను. ఇన్నాళ్లు నా గొంతుకు వేరేవాళ్లు పెదాలు కదిపారు, ప్రమోషనే.

రెండో చరణంలో కరెంటు పోయింది. జనరేటర్ ఇంకా బిగించలేదట. చీకట్లో పంతులుగారు, హారతి పళ్లెం, నలభై మంది చుట్టాలు. ఎవరూ ఏమీ అనలేదు గానీ ఇంటాయన తల్లి సన్నగా మంగళహారతి ఎత్తుకుంది, శ్రుతి ఎక్కడో ఉంది, ఆవిడ ఎక్కడో ఉంది. నేను కింద స్థాయిలో కలిశాను. రెండో పంక్తికి ఇద్దరు ఆడవాళ్లు కలిశారు, మూడోదానికి వంటవాళ్లు కూడా గరిటెలు ఆపారు. పావుగంట పైనే పాడాం. కరెంటు రాగానే స్పీకర్ ఆగినచోటు నుంచి 'గ్రుహ్' అని అందుకుంది, నేను గబగబా పెదాలు సర్దుకున్నాను.

భోజనాల ముందు శాలువా కప్పారు. ప్రాంప్ట్ కొట్టిన అబ్బాయికి. నేను కూడా చప్పట్లు కొట్టాను. లిఫ్ట్ దగ్గర కవరు తీసి లెక్కపెడితే నాలుగున్నర వేలే ఉన్నాయి, వెనక్కి వెళ్లి అడిగాను. ఇంటాయన మంచివాడు, భుజం మీద చెయ్యి వేసి నెమ్మదిగా చెప్పాడు, "కరెంటు లేనంతసేపూ మన పాట ఆగిపోయింది కదండీ."