గ్రాఫిక్స్ కార్డు కూలర్ విప్పడం నేరమేమీ కాదు

కంప్యూటర్‌లో బొమ్మలు, వీడియోల పని చూసే గ్రాఫిక్స్ కార్డు మీద దాన్ని చల్లబరిచే కూలర్ ఉంటుంది, దాన్ని మనం విప్పితే తప్పు చేసినట్టు చూస్తాయి కంపెనీలు. మాది గోదావరిఖని. నేను పనిచేసుకునే గది మేడమీద ఉంటుంది, పైన ఎండకు కాలే స్లాబు తప్ప ఇంకేమీ లేదు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఆ గదిలో థర్మామీటర్ పెడితే 38 డిగ్రీలు చూపిస్తుంది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా జీవనాధారం. మన దగ్గర ముహూర్తాలు వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో గుంపుగా వస్తాయి కాబట్టి, సంవత్సరం మొత్తంలో కార్డు మీద భారం ఎక్కువగా పడేదీ ఆ ఎండల్లోనే.

రెండేళ్ల క్రితం నా కార్డు మొరాయించింది. 170 వాట్ల మామూలు కార్డు. ఎక్స్‌పోర్ట్, అంటే ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా మార్చే పని, పెట్టిన పది నిమిషాలకు 83 డిగ్రీలకు చేరేది, అక్కడ తనంతట తనే వేగం తగ్గించుకునేది. చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉండే చోటు, హాట్‌స్పాట్ అంటారు కదా, అది 104 దాకా పోయేది. ఫ్యాన్లు నూటికి నూరు శాతం తిరుగుతూ కింద అమ్మ చూసే టీవీకి కూడా అడ్డం వచ్చేవి. గంటలో అయిపోవాల్సిన పని గంటన్నర పట్టేది. వారంటీ ఇంకా ఉంది కదా అని హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌కు పంపాను. పన్నెండు రోజుల తర్వాత అలాగే తిరిగొచ్చింది. "మా దగ్గర 70 దాటలేదు సార్, కార్డులో లోపం లేదు" అన్నారు.

వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఏసీ గదిలో పరీక్షించారు, అంతే. నాకు కోపం వచ్చింది కూడా అందుకే. గాలితో చల్లబరిచే ఏ కూలరైనా చుట్టూ ఉన్న గాలి కంటే ఇన్ని డిగ్రీలు పైన చిప్‌ను నిలబెట్టగలదు తప్ప, ఆ గాలి కంటే కిందికి దించలేదు. 24 డిగ్రీల గదిలో 70 అంటే 46 డిగ్రీల తేడా. అదే 46ను నా గదిలోని 38కి కలపండి, 84 వస్తుంది. అంటే నా ఇంట్లో ఆ కార్డు పరిమితి దాటడం లెక్క ప్రకారం ఖాయం. యూట్యూబ్ రివ్యూలు చూసి కొనేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే. ఆ రివ్యూలో గది ఉష్ణోగ్రత ఎంతో చూడండి. చాలావరకు 20, 25 మధ్య ఉంటుంది. మన ఎండాకాలానికి దానికి పదిహేను కలుపుకోవాలి.

కూలర్ సరిగా లేకపోతే మంచి చిప్‌కు కూడా చెడ్డపేరు వస్తుందని చెప్పడానికి పాత ఉదాహరణ ఒకటుంది. 2013 అక్టోబరులో చిప్‌ల కంపెనీ ఏఎండీ రేడియాన్ ఆర్9 290ఎక్స్ అనే కార్డు విడుదల చేసింది. దాంతో వచ్చిన కూలర్‌లో వేడిగాలిని కార్డు వెనక నుంచి బయటికి ఊదే బ్లోయర్ ఫ్యాన్ ఒకే ఒక్కటి. చిప్ 95 డిగ్రీల దగ్గర నడిచేలా సెట్ చేసి ఇచ్చారు. వేగంలో గొప్ప కార్డు, కానీ అందరూ మాట్లాడుకున్నది దాని వేడి గురించి, మోత గురించి. అదే కార్డుకు ఆర్కిటిక్ కంపెనీ యాక్సెలెరో లాంటి పెద్ద కూలర్ బిగించినవాళ్లకు వేడీ తగ్గింది, మోతా తగ్గింది. మారింది పైనున్న లోహం, ఫ్యాన్లు మాత్రమే.

వారంటీ ముగిసిన వారమే నేను నా కార్డు విప్పాను. చిప్ వెనక ఉన్న నాలుగు స్క్రూలు, అంచుల్లో ఇంకొన్ని, అంతే. లోపల చిప్ వేడిని హీట్‌సింక్‌కు, అంటే పైనున్న లోహపు దిమ్మెకు, దాటించే పేస్టు ఎండిన సున్నంలా పెచ్చులు లేచిపోయింది. హీట్‌సింక్‌లో వేడిని మోసుకెళ్లే హీట్‌పైపులు రెండే, మిగతాది పలచని అల్యూమినియం. నన్ను ఎక్కువగా బాధపెట్టింది మెమరీ చిప్‌లు. రెండు చిప్‌ల మీద వేడిని దాటించే మెత్తటి ప్యాడ్ ఉంది కానీ దాని మీద హీట్‌సింక్ ఒత్తుకున్న గుర్తే లేదు. మూడేళ్లుగా ఆ రెండూ చల్లదనం లేకుండానే పనిచేశాయన్నమాట. నా కార్డు మెమరీ వేడిని ఏ సాఫ్ట్‌వేరూ చూపించదు, విప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఒక పెద్ద హీట్‌సింక్, అంటే ఫ్యాన్లు మనమే పెట్టుకునే రకం, అమెరికా నుంచి మా బావ వస్తూ తెచ్చిపెట్టాడు. ఇక్కడ అలాంటివి దొరకడం కష్టం, కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీలో అడిగితే షాపు షాపూ తిప్పారు. దానికి కంప్యూటర్ డబ్బాకు పెట్టే కేస్ ఫ్యాన్లు, 120 మిల్లీమీటర్లవి, రెండు బిగించాను. కార్డు మీద ఫ్యాన్ సాకెట్ చిన్నది, మామూలు ఫ్యాన్ ప్లగ్ అందులో పట్టదు, అడాప్టర్ కావాలి. నేను మదర్‌బోర్డుకే కలిపి, ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గ్రాఫిక్స్ చిప్ వేడిని బట్టి తిరిగేలా పెట్టుకున్నాను.

ఇక్కడ చేతులు వణకడం సహజమే. ప్రాసెసర్‌కు ఉన్నట్టు గ్రాఫిక్స్ చిప్ మీద లోహపు మూత ఉండదు, సిలికాన్ నేరుగా బయటికి ఉంటుంది. ఒక మూల స్క్రూ పూర్తిగా బిగించి తర్వాత రెండోదానికి వెళితే అంచు చిట్లవచ్చు. ఎదురెదురు మూలలకు అరచుట్టు చొప్పున తిప్పుతూ నాలుగూ సమానంగా దించాలి. పేస్టు చిప్ మొత్తం పరుచుకోవాలి, మూల ఖాళీగా ఉంటే హాట్‌స్పాట్ అక్కడే పుడుతుంది.

చిప్ ఒక్కటే చల్లబడితే చాలదు. దానికి కరెంటు అందించే వీఆర్ఎం భాగాలకు, మెమరీకి కూడా వేడి పోయే దారి కావాలి. నా హీట్‌సింక్‌తో పాటు వాటికి అంటించే చిన్న చిన్న లోహపు ముక్కలు వచ్చాయి. నెల తిరిగేసరికి ఎండకు జిగురు మెత్తబడి ఒక ముక్క ఊడి కేస్ అడుగున పడింది. కార్డు మీద రెండు పిన్నుల మధ్య పడి ఉంటే షార్ట్ అయ్యేది. ఆ రాత్రే అన్నీ తీసేసి, చిప్‌లను స్పిరిట్‌తో తుడిచి, వేడికి తట్టుకునే జిగురుతో మళ్లీ అంటించాను. అంటించే ముందు తుడవడం మానొద్దు.

ఇప్పుడు అదే గదిలో, అదే 38 డిగ్రీల్లో చిప్ 66 దగ్గర ఆగుతోంది. హాట్‌స్పాట్ 79. ఎక్స్‌పోర్ట్ గంటలో అయిపోతోంది. రాత్రిపూట పని పెట్టి అదే గదిలో నిద్రపోతున్నాను.

నా కోపం ఒక కంపెనీ మీద కాదు, మొత్తం ఈ పద్ధతి మీద. పేస్టు ఎండిపోతుంది, ప్యాడ్ల నుంచి నూనె కారుతుంది, ఫ్యాన్ బేరింగ్ అరిగిపోతుంది. బైక్‌కు చైన్, బ్రేక్ షూ లాంటివి ఇవి. బైక్ ఆయిల్ మార్చుకుంటే ఎవరైనా తప్పంటారా? కార్డు స్క్రూ మీద మాత్రం స్టిక్కర్ వేసి, చిరిగితే వారంటీ పోయిందంటారు. ఏ చోట ప్యాడ్ ఎంత మందమో చెప్పరు. అర మిల్లీమీటరు పలచనైతే మెమరీ చిప్‌కు హీట్‌సింక్ తగలదు, అర మిల్లీమీటరు ఎక్కువైతే అసలు గ్రాఫిక్స్ చిప్ మీదే ఒత్తిడి తగ్గుతుంది. 2021లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3080, 3090 కార్డులు కొన్నవాళ్లలో చాలామంది మెమరీ 110 డిగ్రీలకు చేరడం చూసి ప్యాడ్లు మార్చుకున్నారు. వాళ్లు ఆ మందాలను ఒకరినొకరు అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. కంపెనీ ఒక పేజీలో రాసి పెడితే పోయేదేముంది?

కార్డు మీద మామూలు కేస్ ఫ్యాన్లు పెట్టడం కుదరదని అనేవాళ్లుంటారు, అది కూడా నాకు చెప్పొద్దు. 2021లో కార్డులు చేసే ఏసస్, ఫ్యాన్లు చేసే నోక్టువా కలిసి ఆర్‌టీఎక్స్ 3070 కార్డుకు రెండు 120 మిల్లీమీటర్ల మామూలు సైజు ఫ్యాన్లు పెట్టి విడుదల చేశాయి. లావుగా ఉంటుంది, నిజమే, కానీ నిశ్శబ్దంగా ఉంటుంది.

అమెరికాలో ఈ వారంటీ స్టిక్కర్ల మీద అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లోనే హెచ్చరిక లేఖలు రాసింది. 2024 జూలైలో గ్రాఫిక్స్ కార్డులు తయారుచేసే మూడు కంపెనీలకు మళ్లీ రాసింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 డిసెంబరులో రిపేర్ హక్కు పోర్టల్ తెచ్చింది, అందులో ఎలక్ట్రానిక్స్ ఉన్నాయి. ఆ పోర్టల్‌లో ప్యాడ్ మందాలు, ఫ్యాన్ పార్టు నంబర్లు కనపడేదాకా మనం అడుగుతూనే ఉండాలి.

వారంటీ ఉన్నవాళ్లు ముందు క్లెయిమ్ చేయండి, గది ఉష్ణోగ్రత రాసి పంపండి. అది అయ్యాక పేస్టు, ప్యాడ్లు మార్చి చూడండి. నాకు ఆ రెంటికీ 1,400 రూపాయలు అయింది. చాలా కార్డులకు అదే సరిపోతుంది. అది చాలకపోతేనే మొత్తం కూలర్ జోలికి వెళ్లండి.

ఈ ఆదివారం మా తమ్ముడి స్నేహితుడి కార్డు విప్పుతున్నాం. ప్రతి ప్యాడ్‌నూ వెర్నియర్‌తో కొలిచి, ఫొటోలతో సహా ఇక్కడే పెడతాను. మీ దగ్గర కొలతలుంటే కార్డు మోడల్‌తో పాటు కింద రాయండి.