డి పెరిగింది, షుగర్ కదల్లేదు
బరువెక్కువ ఉన్నవాళ్లకు విటమిన్ డి తక్కువైతే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదని ఒకచోట రాశారు, బాగానే ఉంది, కానీ ఏది ముందు, ఏది వెనక? డి కొవ్వులో కరిగేది కదా, ఒళ్లు పెరిగేకొద్దీ అది కొవ్వులోకి పోయి రక్తంలో తక్కువ కనిపిస్తుంది. బెంగళూరు మారతహళ్లిలో ఏసీ ఆఫీసు, ఇల్లు చేరేసరికి చీకటి, రక్తపరీక్షలో నాకు డి 11 వచ్చింది. వారానికో 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి సాషే ఎనిమిది వారాలు పాలల్లో కలుపుకుని తాగితే 34 అయింది, పరగడుపు షుగర్ మాత్రం 108 దగ్గరే కూర్చుంది! 2019లో వచ్చిన డీ2డీ అనే వైద్య ట్రయల్‌లోనూ అంతే: ప్రీడయాబెటిస్ (షుగర్ జబ్బుకు ముందు దశ) ఉన్న 2,423 మందిలో కొందరికి రోజూ 4,000 యూనిట్ల విటమిన్ డి, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇస్తే, షుగర్ జబ్బు రావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎముకలకు కావాలి, కాదనను. రాత్రి మారు అన్నం మానేశాకే నాకు 97కి దిగింది, మా ఆవిడ మాత్రం ఆ క్రెడిట్ ఇప్పటికీ సాషేకే ఇస్తోంది.