కళ్లజోడు పెడితే సైట్ పెరుగుతుందా?

బడులు తెరిచే రోజులొస్తే చాలు, వాట్సాప్‌లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతుంది. పిల్లలకు కళ్లజోడు పెట్టొద్దట, కళ్లు దానికి అలవాటుపడి సైట్ పెరుగుతుందట. క్యారెట్, మునగాకు, కంటి వ్యాయామాలతో అదే పోతుందట. నిజంగా కనపడకపోతే పిల్లలే చెబుతారట.

ఎక్కువ నష్టం చేసేది ఆ చివరి మాటే. పిల్లలు చెప్పరు, ఎందుకంటే వాళ్లకే తెలియదు. బోర్డు అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటారు. ఒక కన్ను బాగుండి రెండోది మసకైతే అసలు ఇబ్బందే అనిపించదు. ఆ మసక కన్ను చూపేదాన్ని మెదడు క్రమంగా వదిలేస్తుంది. లేజీ ఐ అనేది దీన్నే. ఏడేళ్లలోపు పట్టుకుంటే మంచిది. దాటిపోయినా ఆశ వదలక్కర్లేదు: 2005లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 7–12 ఏళ్ల పిల్లలకు అద్దాలతోపాటు మంచి కంటికి ప్యాచ్, చుక్కల మందు వాడితే 53 శాతం మందికి చూపు మెరుగైంది. అద్దాలు మాత్రమే వాడితే అది 25 శాతమే.

కాబట్టి గమనించాల్సింది మనమే. పక్కవాడి నోట్సు చూసి రాసుకోవడం, టీవీ ముందుకు జరగడం, కళ్లు చిట్లించడం, తల వంచి చూడటం, ఎండలో ఒక కన్ను మూసుకోవడం. ‘చదువు మీద ధ్యాస లేదు’ అని టీచర్ అంటే ట్యూషన్ కంటే ముందు కళ్లు చూపించండి. ఇంట్లో ఒక్కో కన్నూ మూసి, పది అడుగుల నుంచి గోడ క్యాలెండర్ చదివించండి. (వేళ్ల సందుల్లోంచి చూస్తారు, జాగ్రత్త!) ఒక కన్నుతో చదివింది రెండోదానితో చదవలేకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. రెండూ ఒకేలా చదివినా అనుమానం ఉంటే వెళ్లండి.

ఇక సైట్ పెరగడం సంగతి. పెరుగుతుంది, నిజమే. దూరపు చూపు తగ్గిన పిల్లల్లో కనుగుడ్డు పొడవు సాగుతుంది, ఎదిగే వయసులో అది సాగుతూనే ఉంటుంది. ఏటా చెప్పుల సైజు మారుతోందని, చెప్పుల వల్లే పాదాలు పెరిగాయంటామా? మలేషియాలో కొందరు పిల్లలకు కావాలనే తక్కువ పవర్ అద్దాలిచ్చి చూశారు. 2002లో వచ్చిన ఆ ఫలితాల్లో, రెండేళ్లకు వాళ్ల సైటే పూర్తి పవర్ పెట్టుకున్నవాళ్లకంటే ఎక్కువ పెరిగింది.

క్యారెట్, మునగాకు తినండి, మంచివే. విటమిన్ ఎ లోపంతో వచ్చే రేచీకటికి పనికొస్తాయి, సాగిన కనుగుడ్డును కుదించలేవు. వ్యాయామాలూ అంతే. దగ్గరి వస్తువు మీద రెండు కళ్లూ కలవని సమస్యకు మాత్రం అవే చికిత్స, అదీ డాక్టర్ చెబితే. ఆరుబయట ఆటలకు మాత్రం గట్టి ఆధారం ఉంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో బడి రోజుల్లో 40 నిమిషాలు అదనంగా బయట గడిపిన పిల్లల్లో మూడేళ్లలో కొత్తగా సైట్ వచ్చినవాళ్లు 30.4 శాతం, మిగతావాళ్లలో 39.5 శాతం. ఇది రాకుండా కాపాడే సంగతి, వచ్చిన జోడు తీయించేది కాదు.

ఒక్క జాగ్రత్త. షాపులో కంప్యూటర్ పరీక్షతో సరిపెట్టొద్దు. పిల్లలు కంటిని బిగపడితే ఆ మిషన్ లేని మైనస్ పవర్ చూపించగలదు, అందుకే డాక్టర్లు ఆ బిగువు వదిలించే చుక్కలు వేసి చూస్తారు. ఆ తర్వాత కనీసం ఆ పూటంతా, మందును బట్టి ఇంకా ఎక్కువసేపు, పుస్తకం మసకగా ఉంటుంది. స్లిప్ టెస్టుకు ముందురోజు మాత్రం వెళ్లకండి.