ఎర్ర రొయ్య, ఎర్ర గొట్టం బిళ్ల

బూడిద రంగు పచ్చిరొయ్య వేడి బాండీలో పడగానే ఎర్రబడుతుంది. ఆ ఎరుపు కొత్తగా పుట్టింది కాదు. ఆస్టాజాంతిన్ అనే రంగు పదార్థం పెంకులో ముందునుంచీ ఉన్నదే. ఓ ప్రొటీన్ దాన్ని పట్టి ఉంచినంతకాలం నీలి ఛాయలో దాగుంటుంది, వేడికి ఆ పట్టు సడలితే బయటపడుతుంది. భీమవరం వైపు మేతల సంగతి తెలిసినవాళ్లకి ఈ పేరు కొత్త కాదు. రొయ్యకి రంగు తేలడానికి మేతలో కలుపుతారు. ఇప్పుడదే సరుకు నాచు నుంచి తీసి, 4 నుంచి 12 మిల్లీగ్రాముల గొట్టం బిళ్లలుగా మనుషులకీ అమ్ముతున్నారు. గుండెకీ, కంటికీ, కీళ్లకీ, ముడతలకీ అదే మందట!

‘సి విటమిన్ కన్నా ఆరువేల రెట్లు శక్తి’ అన్నది ప్రచారం. ఆ లెక్క పరీక్షనాళికలోది. ఒకానొక రకం ఆక్సిజన్‌ని ఏది ఎక్కువ అణుస్తుందని పోల్చితే వచ్చిన అంకె. గాజుగొట్టానికి పేగుల్లేవు, కాలేయం లేదు. ఆస్టాజాంతిన్ నూనెలో కరిగేది, పరగడుపున మింగితే సరిగ్గా ఒంటబట్టదు. సి విటమిన్ నీళ్లలో కరిగేది. ఒంట్లో వాటి చోట్లే వేరు. ఈ రెంటినీ రెట్లలో చెప్పడం కొబ్బరికాయల్ని కుంచంతో కొలవడమే.

అసలు ఆధారమే లేదనను. 2023లో వెలువడిన అమెరికా ప్రయోగంలో ఇది తిన్న మగ చిట్టెలుకల ఆయుష్షు 12 శాతం పెరిగింది. ఆడవాటికి పెరగలేదు. మనుషుల మీద జరిగినవి చాలావరకు చిన్నవి, కొద్ది వారాలవి. రోజుకి 8 మిల్లీగ్రాములు పెద్దవాళ్లకి ప్రమాదం కాదని యూరప్ ఆహార భద్రతా సంస్థ చెప్పింది. ప్రమాదం కాదన్న మాటని మేలు చేస్తుందన్నట్టు చదివించడమే వ్యాపారం.

దీని దగ్గరి చుట్టం బీటా కెరోటిన్ ఏం చేసిందో చూడండి. ఆకుకూరలు, పళ్లు బాగా తినేవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని సర్వేలు చెబితే, అందులోని కెరోటిన్‌ని బిళ్లగా ఇద్దామనుకున్నారు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్ల మీద పరీక్ష పెట్టారు. రోజుకి 20 మిల్లీగ్రాములు మింగినవాళ్లలో క్యాన్సర్ 18 శాతం ఎక్కువని 1994లో తేలింది. అమెరికాలో 18,314 మందితో, ఎ విటమిన్ కూడా జోడించి 30 మిల్లీగ్రాములతో చేస్తే 28 శాతం ఎక్కువ. ఆ పరీక్షని 1996లో, గడువుకి 21 నెలల ముందే ఆపేశారు. పొగబారిన ఊపిరితిత్తిలో మోతాదు మించిన కెరోటిన్ తానే విరిగి, ఆ ముక్కలు కణాలకి చేటు చేస్తాయని జంతు ప్రయోగాలు చూపించాయి.

లంక పొగాకు చుట్టలకి పేరుపడ్డ గోదావరి గట్టున ఇది పరాయి కబురా? అమెరికా పరీక్షలో పొగ మానేసినవాళ్లూ ఉన్నారు. కంటి రెటీనా జబ్బు బిళ్లల్లో బీటా కెరోటిన్ తీసేసి అదే కుటుంబానికి చెందిన లూటీన్ 10, జియాజాంతిన్ 2 మిల్లీగ్రాములు పెట్టింది ఈ భయంతోనే. చుట్టగానీ సిగరెట్టుగానీ ఏనాడు కాల్చినా సరే, సీసా వెనక్కి తిప్పి ‘బీటా కెరోటిన్’ ఎంతుందో చదవాలి. మునగాకు పప్పుతో ఈ గొడవ లేదు.

పిక్కలు పట్టేస్తున్నాయంటే మందుల షాపులో చేతిలో పెట్టే ఇ విటమిన్ 400 కూడా అంతే. ఆ మోతాదు రోజూ మింగిన మగవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువని 2011లో తేలింది. రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడేవాళ్లకి రక్తస్రావం భయం అదనం.

నాకు వింతగా తోచేది వేరే ఉంది. మేత విషయంలో మన రొయ్య రైతుని మించిన పరిశోధకుడు లేడు. మేత పెట్టిన చెక్ ట్రే ఎత్తి మిగులు చూస్తాడు, విసురువల వేసి కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలో) తీస్తాడు, కిలో రొయ్యకి ఎంత మేత పట్టిందో చెప్పే ఎఫ్‌సీఆర్ పైసల్లో లెక్కగడతాడు. చెరువులో పోసే మందుల దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి గట్టు దిగదు. రొయ్య ఎదుగుదలని ఆపేసే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి జబ్బుకి నికరమైన మందు లేదు, అందుకే దాని పేరు మీద అన్ని డబ్బాలు! ప్రొబయాటిక్, మినరల్ మిక్స్, జెల్ అన్నీ పోస్తాడు. పంట నిలబడితే డబ్బా గొప్ప, పోతే సీడ్ (రొయ్యపిల్లల) తప్పు. ఒకే హేచరీ సీడ్, ఒకే రోజు, ఒకే సాంద్రత, ఒకే మేతతో రెండు చెరువులు వేసి ఒకదానికే మందు పోసి చూస్తే రెండు నెలల కౌంట్‌లో నిజం తెలిసిపోతుంది. కాకపోతే ఒక జత చాలదు, నాలుగు జతలు కావాలి. డబ్బా తెచ్చిన టెక్నీషియన్ మాత్రం మందు పోసిన చెరువునే చూపిస్తాడు. పోయని చెరువు కౌంట్ ఎంతని అడిగేవాళ్లు లేరు.