పొగ మరణాల లెక్క మనమూ వేసుకోవాలి

సిగరెట్ మీద పన్ను పెంచినప్పుడల్లా, బయట తాగితే ఫైన్ అన్నప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది: దీనివల్ల నిజంగా ఎంతమంది బతికారు? అడగాల్సిన ప్రశ్నే. చనిపోయినవాళ్లను లెక్కపెట్టొచ్చు, కానీ బతికి బయటపడినవాళ్లు ఏ రిజిస్టర్‌లోనూ ఉండరు. పాతికేళ్ల కిందట సిగరెట్ మానేశాను, అందుకే నాకు క్యాన్సర్ రాలేదు అని ఆస్పత్రికి వచ్చి రాయించుకునేవాళ్లు ఎవరుంటారు?

ఈ చిక్కు విప్పడానికి అమెరికాలో చేసిన పని గురించి హైదరాబాద్‌లో మాట్లాడుకోవాలని మా ఉద్దేశం. అక్కడి జాతీయ క్యాన్సర్ సంస్థ 2000లో మొదలుపెట్టిన సిస్‌నెట్ అనే బృందంలో, ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద ఆరు జట్లు ఎవరి పద్ధతిలో వాళ్లు ఎంతమంది చనిపోతారో లెక్కవేసే కంప్యూటర్ నమూనాలు కట్టాయి. అందరికీ ఇచ్చిన సమాచారం ఒకటే: ఏ ఏడాది పుట్టినవాళ్లు ఏ వయసులో మొదలుపెట్టారు, రోజుకు ఎన్ని తాగారు, ఎప్పుడు మానారు. దాని మీద మూడు పరిస్థితులు నడిపి చూశారు. జరిగింది జరిగినట్టు ఒకటి; పొగాకు నియంత్రణ అసలు లేకపోతే ఏమయ్యేదని రెండోది; పొగతో క్యాన్సర్ వస్తుందని 1964లో సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి) నివేదిక రాగానే దేశమంతా మానేసి ఉంటే ఏమయ్యేదని మూడోది. 2012లో ఫలితాలు బయటపెట్టారు. 1975 నుంచి 2000 దాకా దాదాపు 7,95,000 ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు తప్పాయి, అందరూ మానేసి ఉంటే దాదాపు 25 లక్షలు తప్పేవి. అంటే తప్పించగలిగిన చావుల్లో మూడో వంతు కూడా తప్పలేదు.

ఇవి ఆరు నమూనాల అంచనాలను కలిపి చూస్తే వచ్చిన అంకెలు. విడివిడిగా చూస్తే ఆరూ ఒకే అంకె చెప్పలేదు. ఇది వినగానే "అయితే ఇదంతా గాలి లెక్కే కదా" అనేవాళ్లు ఉంటారు, పొగాకు వ్యాపారంలో ఉన్నవాళ్లయితే మరీ గట్టిగా అంటారు. మేం ఒప్పుకోం. తేడా ఎక్కడ వచ్చిందో తెలుస్తోంది కాబట్టే ఆ లెక్క మీద నమ్మకం. ఒక జట్టు లక్షల మందిని ఏళ్లతరబడి గమనించిన పెద్ద అధ్యయనం నుంచి రిస్కు అంకెలు తీసుకుంది, ఇంకోటి నర్సుల అధ్యయనం నుంచి తీసుకుంది. ఒకటి కణం క్యాన్సర్‌గా మారే దశలను లెక్కలోకి తెచ్చింది, మరొకటి ఒక్కో మనిషి జీవితాన్ని విడిగా నడిపించింది. ఇన్ని దారుల్లో వెళ్లినా పొగ తగ్గితే లక్షల ప్రాణాలు నిలిచాయన్న దగ్గర అందరూ కలిశారు. ఒక్క డాక్టర్ మాట మీద ఆపరేషన్‌కి వెళ్లకుండా ఇంకో ఇద్దరికి చూపించుకోమా, ఇదీ అంతే.

మరి ఆ నమూనా తెచ్చి తెలంగాణ అంకెలు పోస్తే సరిపోతుందా? సరిపోదు. పొగ మనల్ని చంపే తీరే వేరు. 2008లో వచ్చిన మన దేశవ్యాప్త అధ్యయనం, 2010 దశకంలో పొగతాగడం వల్ల ఏటా దాదాపు 10 లక్షల మంది చనిపోతారని అంచనా వేసింది. అందులో ఊపిరితిత్తుల క్యాన్సర్ వాటా చిన్నది, టీబీ, శ్వాసకోశ జబ్బులు, గుండెజబ్బులే ఎక్కువ. అంటే ఇక్కడి నమూనాకు క్యాన్సర్ వార్డు ఒక్కటే చాలదు, ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి రిజిస్టర్లు కూడా కావాలి. పైగా మన దేశంలో సిగరెట్ కంటే బీడీ తాగేవాళ్లే ఎక్కువ. అదే అధ్యయనం ప్రకారం బీడీ తాగే మగవాళ్లు సగటున ఆరేళ్లు, సిగరెట్ తాగేవాళ్లు పదేళ్లు ముందే పోతున్నారు. కట్టెల పొయ్యి పొగలో బతుకంతా గడిపిన ఆడవాళ్ల సంగతి ఏ అమెరికన్ నమూనాలోనూ ఉండదు.

అసలు లోటు ఇంకా కింద ఉంది, సమాచారంలో. ఏ ఇరానీ హోటల్ పక్కన పాన్ డబ్బా చూసినా తెలుస్తుంది, ప్యాకెట్ మొత్తం కొనేవాళ్లు తక్కువ, చాయ్‌కి ముందు ఒకటి, తర్వాత ఒకటి, విడిగానే కొంటారు. రోజుకు ఎన్ని అంటే తాగేవాడికే తెలియదు. ఆస్పత్రుల్లో కేస్‌షీట్ చూడండి, "స్మోకర్" అని ఒక్క మాట ఉంటుంది, ఎన్నేళ్లు, రోజుకు ఎన్ని, బీడీయా సిగరెట్టా, మానేస్తే ఎప్పుడు, ఇవేవీ ఉండవు. రోజుకు ఎన్ని తాగారన్నదాని కంటే ఎన్నేళ్లు తాగారన్నదే ఊపిరితిత్తుల క్యాన్సర్ రిస్కును ఎక్కువ పెంచుతుందని 1978 నుంచీ తెలిసిన సంగతి, మనం రాయనిది సరిగ్గా అదే. అమెరికాలో ఇంటింటి సర్వేలో ఈ ప్రశ్నలు 1965 నుంచి అడుగుతూ వచ్చారు, ఆ ఓపిక మీదే ఆ ఆరు నమూనాలు నిలబడ్డాయి. చావుకు కారణం సంగతైతే చెప్పనక్కర్లేదు, 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టర్ కారణం రాసిచ్చినవి 22.5 శాతమే. మిగతావాళ్లంతా "వయసు మీదపడి" పోయినట్టే లెక్క.

చార్మినార్ పేరుతో సిగరెట్ తయారైన ఊరు ఇది, ఆజామాబాద్‌లో ఒక జంక్షన్‌ని నేటికీ జనం దాన్ని తయారుచేసిన వీఎస్‌టీ ఫ్యాక్టరీ పేరుతోనే పిలుస్తారు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల వైపు ఎన్నో ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడితేనే పొయ్యి వెలుగుతుంది. వాళ్ల కూలి పోతే ఏం చేయాలన్నది కూడా ఈ లెక్కలోకి రావాలి, లేకపోతే అది మనుషుల లెక్క కాదు. అలాగని ఆ కూలిని అడ్డం చూపించి లెక్కే వేయొద్దంటే మేం ఊరుకోం.

ప్రభుత్వాన్ని మేం అడిగేది పెద్ద ఖర్చు పనేమీ కాదు. ప్రతి ప్రభుత్వ, ప్రైవేట్ ఆస్పత్రి కేస్‌షీట్‌లో, టీబీ రిజిస్టర్‌లో పొగ గురించి నాలుగు గడులు తప్పనిసరి చేయండి: మొదలుపెట్టిన వయసు, రోజుకు ఎన్ని, బీడీయా సిగరెట్టా, మానిన ఏడాది. పేర్లు తీసేసి ఆ సమాచారాన్ని నగరంలోని కనీసం మూడు సంస్థలకు ఇవ్వండి, ఐఐఐటీ ఉంది, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది, ప్రజారోగ్య సంస్థ ఉంది. ఒకరి లెక్క ఇంకొకరికి చూపించకుండా చేయించి, తేడాలతో సహా జనం ముందు పెట్టండి. పన్ను ఎంత పెంచాలి, విడి సిగరెట్ అమ్మకం ఆపాలా వద్దా అన్న వాదన ఆ కాగితాలు ముందు పెట్టుకుని అసెంబ్లీలో జరగాలి.